అయ్యగారి చేతి రొట్టె

మొన్న ఆదివారం మా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో గుడికి, అదే చర్చికి, వెళ్ళాను. ఆ రోజు బల్ల ఆరాధన, ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే రోజు. వేలెడంత ప్లాస్టిక్ కప్పులు, ఒక్కొక్క దానికి రేకు మూత, లోపల గుటకెడు ద్రాక్షరసం. ఆ మూత మీదే బిళ్ళంత రొట్టె. కూర్చున్న చోటికే తెచ్చి ఎవరిది వాళ్ళకిచ్చారు. శుభ్రంగా ఉంది, తప్పేం లేదు. ఈ మధ్యే బల్లలో చేరిన నా మనవరాలు తన కప్పు మూత రాక నా చేతికిచ్చింది. గోటితో ఆ రేకు లాగుతుంటే ఎప్పటి సంగతో ఒకటి మనసులోకొచ్చింది. అక్కడే చెబుదామనుకున్నాను గానీ, గుళ్ళో మాట్లాడకూడదని మనవరాలే నన్ను గదమాయించింది.

మాది రేపల్లెకి దిగువన, కృష్ణ కరకట్టకి దగ్గర్లో ఉండే పల్లె. ఊరు వేరు, మా పల్లె వేరు. మధ్యలో పంటకాలువ. మా గుడి అంటే తాటాకు కప్పిన పెద్ద పాక, మట్టి గోడలు. శనివారం సాయంత్రం ఆడవాళ్ళు నేల పేడతో అలికేవాళ్ళు. ఆదివారం పొద్దున వెళ్ళి చాపల మీద కూర్చుంటే ఆ అలుకు వాసన, అందరి తలనూనెల వాసన, పెట్టెల్లోంచి తీసిన చీరల కలరా ఉండల వాసన కలిసి ముక్కుకి తగిలేవి. గంట బదులు గుమ్మం ముందు వేపచెట్టుకి రైలు పట్టా ముక్క వేలాడేది. మొదటిసారి కొడితే నీళ్ళు పోసుకోవాలి, రెండోసారికి జడలు అయిపోవాలి, మూడోసారికి ఎక్కడున్నా పరుగెత్తాలి.

అన్నం వండబోయే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా ముంతలో వేసేవాళ్ళు. వారమంతా పోగైన ఆ బియ్యం ఆదివారం గుళ్ళో ఒకే చేటలో పోసేవాళ్ళు. ముతకవి, దంపుడువి, నూకలు, అన్నీ కలిసిపోయేవి. అందులో కొన్ని మా పాస్టరు అయ్యగారింటికి, కొన్ని ఆ వారం ఎవరింట్లో మంచం పట్టారో వాళ్ళింటికి. మా ముంత మోసే పని నాదే. దారిలో గుప్పెడు బుక్కి నములుతూ వెళ్ళేదాన్ని. పాట మొదలయ్యేసరికి మింగడం అయ్యేది కాదు, మూతి చివర్ల నుంచి తెల్లగా కారుతుంటే నాయనమ్మ కొంగుతో తుడిచి తొడ మీద గిల్లేది.

బల్ల ఆదివారం ముందు రోజు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, ఎండు ద్రాక్ష నానబెట్టి, కాచి, గుడ్డలో వేసి పిండేవారు. రొట్టె కూడా ఆవిడే కాల్చేవారు. రొట్టె విరిచి పెట్టేది అయ్యగారు. రసం తాగేది అందరూ ఒకే ఇత్తడి గిన్నెలో. ఆ గిన్నె అంటే నాయనమ్మకి ఎంత గర్వమో చెప్పలేను. ఊళ్ళో హోటల్లో మా వాళ్ళకి గ్లాసులు వేరుగా చూరులో దోపి ఉండేవి. పొలాల్లో దాహమేస్తే దోసిలి పట్టాలి, ఎత్తు నుంచి పోసేవాళ్ళు. గుళ్ళో గిన్నె మాత్రం ఒకరి పెదాల నుంచి ఇంకొకరి పెదాలకి వెళ్ళేది. ఆ రోజు నాయనమ్మ ఉతికిన చీరే మళ్ళీ ఉతికి కట్టుకునేది.

అయ్యగారు మా వైపు మనిషి కాదు, ఎక్కడో దూరం నుంచి చిన్న వయసులోనే వచ్చి మాలో కలిసిపోయారు. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవారు. తన ఇంటి అరుగు మీద మాకు అక్షరాలు నేర్పేవారు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా వేలు తన చేతిలో పట్టుకుని ఇసుకలో దిద్దించారు. మా నాన్న సంఘ పెద్ద. లంకలో కౌలుకి పసుపు, కూరగాయలు వేసేవాడు. ఏ మంచీ చెడ్డా వచ్చినా ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు.

ఒక ఏడు కోతల పండగ నాడు గుడి ముందు వంటలు చేస్తున్నారు. వంకాయ పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. దింపడానికి మసిగుడ్డలు వెతుకుతుంటే అయ్యగారు వచ్చి, ఆ గుండిగని వట్టి చేతులతో పట్టుకుని దింపి, నింపాదిగా పక్కన పెట్టారు. పిల్లలం నోళ్ళు తెరిచాం. అగ్నిగుండంలో పడేసినా కాలని వాళ్ళ కథ ఆదివారం బడిలో అప్పుడే విని ఉన్నాం. అయ్యగారిని నిప్పు ముట్టదని పల్లె అంతా చెప్పుకుంటూ తిరిగాం. అమ్మగారు మాత్రం ఆయన రెండు చేతులూ తిప్పి చూశారు. అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. ఆయన కూడా అప్పుడే చూసుకున్నట్టు చూసుకున్నారు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదని మా అమ్మ ఇంటికొచ్చాక అంది.

తర్వాత అయ్యగారు మాటిమాటికీ బాపట్ల వెళ్ళొస్తుండేవారు. ఒకసారి వెళ్ళి చాలాకాలం రాలేదు. తిరిగొచ్చిన ఆదివారం ప్రసంగం చెయ్యకుండా నిలబడి, నెమ్మదిగా చెప్పారు.

"నాకొచ్చింది కుష్ఠు. బాపట్ల ఆసుపత్రిలో మందు తీసుకుంటున్నాను. ఇంక ఇది ఒకరికి అంటదని డాక్టరుగారు చెప్పారు. అయినా మీకు తెలియకుండా మీ ముందు నిలబడటం నాకు ఇష్టం లేదు."

మా పల్లెలో ఆ మాట ఎవరూ పలికేవాళ్ళు కాదు. పెద్దరోగం అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. పాట ఎత్తాల్సిన మా నాన్న ఎత్తలేదు. చివరికి అమ్మగారే ఎత్తారు, ఆవిడ గొంతు ఒక్కటే చివరిదాకా పాడింది.

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. ఒకళ్ళకి గేదె ఈనిందట, ఒకళ్ళకి చుట్టాలొచ్చారట. వారం వారం చాపలు ఖాళీ అవుతూ వచ్చాయి. వచ్చినవాళ్ళు దూరం నుంచే వందనాలు చెప్పి, ఆయన చెయ్యి కలపబోయేలోపు చేతులు జోడించేవాళ్ళు. అరుగు మీద బడికి పిల్లల్ని పంపడం మానేశారు. నేనొక్కదాన్నే కొన్నాళ్ళు వెళ్ళాను, తర్వాత నన్నూ ఆపేశారు. ఆదివారం బడికి మాత్రం గుళ్ళోనే కదా అని పోనిచ్చేవాళ్ళు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారు మామూలుగానే పిడికిలి బియ్యం కోసం చేట పట్టుకుని నిలబడ్డారు. మా ఎదురింటి అత్త తన ముంత ఎత్తి, చేటకి తగలకుండా, జానెడు పైనుంచి పోసింది. తర్వాత వచ్చినవాళ్ళూ అట్లాగే పోశారు. బియ్యం చేట అంచులకి కొట్టుకుని నేల మీద చెదిరిపోయాయి. అమ్మగారు వంగి ఒక్కొక్క గింజా ఏరుకున్నారు. నాయనమ్మ చూసింది. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం మా అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. బల్ల ఆదివారం దగ్గరికొస్తోంది, ఆయన చేతి రొట్టె తినడం ఎట్లా అన్నది మాట. రేపల్లె నుంచి ఇంకో అయ్యగారు నెలకొకసారి వచ్చి బల్ల ఇచ్చేట్టు, మా అయ్యగారు వట్టి ప్రార్థన వరకు చేసేట్టు నిర్ణయమైంది. ఆ మాట ఆయనతో చెప్పే పని నాన్న మీద పెట్టారు. అప్పుడు లోపల్నుంచి నాయనమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మగాళ్ళ మాటల్లోకి ఆవిడ ఎప్పుడూ వచ్చేది కాదు.

"మా అన్నకి ఈ జబ్బే వచ్చింది," అంది నాన్నతో. "నీకెప్పుడూ చెప్పలేదు. లంకలో పాక వేసి వదిలేశారు. నేను చిన్నపిల్లని, అన్నం మూట దూరంగా పెట్టి పారిపోయి వచ్చేదాన్ని. అట్లాగే పోయాడు. అప్పటికి మనం ఇంకా ప్రభువులోకి రాలేదు. ఇప్పుడొచ్చాం కదా. తేడా ఏంటో చెప్పు నాకు."

నాన్న అరుగు దిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కండువాలు దులుపుకుని లేచారు.

మర్నాడు నాన్న వెళ్ళి విషయం చెప్పబోతే, సగంలోనే అయ్యగారు సరే అన్నారట. తర్వాతి వారం నుంచి ఆయన గుళ్ళో వెనక, గుమ్మం పక్కన విడిగా ఒక చాప వేసుకుని కూర్చునేవారు, ప్రార్థన కూడా అక్కడి నుంచే చేసేవారు. అక్కడ కూర్చోమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. బల్ల రోజున గిన్నె అందరికీ తిరిగేది, ఆయన దాకా రాకుండానే బల్ల మీదికి వెళ్ళిపోయేది. ఆయన తల వంచుకుని ఉండేవారు.

వానాకాలం వెళ్ళిపోతుండగా ఒకరోజు అమ్మ నాకు నలుగు పెట్టి నీళ్ళు పోస్తోంది. ఎడమ మోచెయ్యి పైన ఒకచోట రుద్దిందే రుద్దుతోంది. పాలిపోయిన మచ్చ, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. నొప్పిగా ఉందా అంది. లేదన్నాను. గిల్లింది, మళ్ళీ గట్టిగా గిల్లింది. నేను నవ్వాను, ఎందుకంటే గిల్లుతున్నట్టే లేదు. అమ్మ చేతిలో చెంబు జారి పడిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. వేపాకు పసుపు నూరి పట్టించారు, నిమ్మకాయ రుద్దారు. మోచేతి కిందిదాకా వచ్చే జాకెట్లు కుట్టించి, ఉక్కపోతలో కూడా అవే వేసేవాళ్ళు. చేతులు పైకెత్తొద్దు, ఎవరితోనూ కాలువకి స్నానానికి వెళ్ళొద్దు. ఎందుకని అడిగితే అమ్మ నోరు నొక్కేది. నాన్న అన్నం ముందు కూర్చుని ప్రార్థన మొదలుపెట్టి, సగంలోనే ఆమెన్ అనేసి లేచిపోయేవాడు. నాయనమ్మ మాత్రం నన్ను తన పక్కలోనే పడుకోబెట్టుకునేది, ఆ చెయ్యి తన మీద వేసుకుని.

ఆదివారం బడిలో ఒకరోజు నా చెయ్యి మీదికి ఎర్రచీమ ఎక్కింది. జాకెట్ చెయ్యి మోచేతి పైకి జరిగి ఉంది. చీమ ఆ మచ్చ మీదే కుడుతోంది, నేను పాట పాడుకుంటున్నాను. గుమ్మం దగ్గర చాప మీద నుంచి అయ్యగారు చూశారు. ఆయన లేచి దగ్గరికి రాలేదు, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే కరకట్ట దిగి, లంకలో మా నాన్న పనిచేసే పసుపు చేను దాకా నడుచుకుంటూ వెళ్ళారు.

అక్కడ జరిగింది నాన్న చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పాడు. అయ్యగారు సంగతి ఎత్తగానే నాన్న పార కింద పడేసి, నా బిడ్డకి అంటించింది మీరే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంటించారు అన్నాడట. ఇంకా నానా మాటలూ అన్నాడట. ఆయన అంతా విని, "కావచ్చు," అన్నారట. "తర్వాత నన్నేమైనా అనండి. ముందు పాపని బాపట్ల తీసుకెళ్దాం. ఆలస్యం చేస్తే వేళ్ళు పోతాయి."

ఆ వారమే ముగ్గురం రేపల్లెలో బండెక్కాం. నాకు అదే మొదటి రైలు ప్రయాణం. బొగ్గు నలుసులు కళ్ళల్లో పడుతున్నా కిటికీ వదల్లేదు. నాన్న, నేను ఒక బల్ల మీద. అయ్యగారు అవతల బల్ల చివర, మధ్యలో చోటున్నా. తెనాలిలో దిగి ఇంకో బండి కోసం కూర్చున్నాం. నాన్న ఆకులో ఇడ్లీ తెచ్చి నాకు పెట్టాడు. అయ్యగారికి కూడా ఒక పొట్లం తెచ్చాడు గానీ చేతికివ్వకుండా ఆయన పక్కన బెంచీ మీద పెట్టాడు. నేను ఆ ఇడ్లీ రుచి ఎప్పటికీ మర్చిపోను. అల్లం పచ్చడి కారానికి కళ్ళల్లో నీళ్ళొస్తుంటే అయ్యగారు చూసి నవ్వారు. నాన్న నవ్వలేదు.

బాపట్లలో ఆసుపత్రి ఆవరణ నిండా సరుగుడు చెట్లు. గాలికి అవి ఒకటే హోరు పెడుతుంటే అదే సముద్రమేమో అనుకున్నాను. అక్కడ వేళ్ళు లేనివాళ్ళు, కాళ్ళకి కట్లున్నవాళ్ళు అయ్యగారిని చూసి నవ్వుతూ పలకరించారు. నేను నాన్న పంచె పట్టుకుని దాక్కున్నాను. డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమంది. ఈకతో అక్కడక్కడా తాకిస్తాను, తగిలినప్పుడు వేలితో చూపించమంది. నాకది బడిలో పరీక్షలా అనిపించింది. తెలియనప్పుడు కూడా ఊహించి చూపించాను, తప్పితే నాన్నకి కోపమొస్తుందని. కళ్ళు తెరిచేసరికి నాన్న ఏడుస్తున్నాడు. మా నాన్న ఏడవడం అదే చూడటం.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మొదట్లోనే పట్టుకున్నారు, ఇది ఇంకొకరికి అంటుకునే రకం కాదు, కొన్నేళ్ళు మాత్రలు మానకుండా వేస్తే పోతుంది, బడికి పంపొచ్చు, అందరితో కలిసి తినొచ్చు. ఎవరి నుంచి వచ్చింది అని నాన్న అడిగాడు. అది ఎవరూ చెప్పలేరంది. ఏళ్ళ తరబడి ఒంట్లో దాగి ఉండి బయటపడుతుంది, తమకుందని తెలియని వాళ్ళు ఈ డెల్టాలో ఎంతమందో అంది. అయ్యగారు అప్పుడు గది బయట ఉన్నారు. ఆ మాట ఆయనకి వినపడిందో లేదో.

తిరుగు బండిలో నేను నాన్న ఒళ్ళో నిద్రపోయాను.

ఆ వచ్చిన ఆదివారం బల్ల ఉంది. రేపల్లె అయ్యగారు వచ్చారు, జనం బాగానే ఉన్నారు. పాట అయ్యాక నాన్న లేచి నిలబడ్డాడు. నన్ను దగ్గరికి పిలిచాడు. ముందు రోజే అమ్మకి చెప్పాడనుకుంటాను, అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. నాన్న నా జాకెట్ చెయ్యి పైకి మడిచాడు.

"నా కూతురికి పెద్దరోగం వచ్చింది," అన్నాడు. "ఇది అంటదని బాపట్లలో చెప్పారు. అయ్యగారూ అదే చెప్పారు, నేను నమ్మలేదు. ఆయన వెనక కూర్చుంటే చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు దీన్ని ఎక్కడ కూర్చోబెట్టమంటారో మీరే చెప్పండి."

అంతమంది నా చేతి వంకే చూస్తుంటే నాకు సిగ్గేసి రెండో చేత్తో మచ్చ కప్పుకున్నాను. కొంతమంది పిల్లల్ని రెక్క పట్టుకుని లేపి బయటికి వెళ్ళిపోయారు. అయ్యగారు వెనక నుంచి లేచి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మడిచిన జాకెట్ చెయ్యి కిందికి దించి, గుండీ పెట్టారు. అంతే. ఆ రోజు బల్ల జరగలేదు. రేపల్లె అయ్యగారు ఆశీర్వాదం చెప్పి ముగించేశారు.

మధ్యాహ్నం వీధి నిశ్శబ్దంగా ఉంది. మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. కాస్త ఎండ తగ్గాక ఎదురింటి అత్త తన అరుగు మీదికొచ్చి కూర్చుని నన్ను పిలిచింది. అమ్మ వెళ్ళమనలేదు, వద్దనలేదు. నేను వెళ్ళాను. అత్త నన్ను తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, జడ విప్పి, పేలు చూడటం మొదలుపెట్టింది. అమ్మగారి చేటలో ముంత ఎత్తి పోసిన మనిషే. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆవిడ తల ఎత్తలేదు, పాయ పాయ విడదీసి, సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. చివరికి నూనె రాసి, జడ గట్టిగా బిగించి, పో అంది. నాయనమ్మ మా గుమ్మంలో కూర్చుని అదంతా చూసింది. ఆ పూట కంచం నిండా పెట్టించుకుని తింది.

తర్వాతి బల్లకి మా అయ్యగారే రొట్టె విరిచారు. ఆయనకి ఇష్టం లేదు, నాన్న, అత్త, ఇంకొందరు వెళ్ళి బతిమాలితే ఒప్పుకున్నారు. గుడి సగం నిండింది. బొబ్బల మచ్చలున్న ఆ చేతుల్లోంచి మొదట తీసుకున్నది నాన్న. కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు, నేను చూశాను. వాళ్ళకి భయం పోయిందని నేననను. భయంతోనే తిన్నారు.

మిగతా సగం మళ్ళీ రాలేదు. పల్లె చివర పాకలో వేరుగా ప్రార్థన పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున అక్కడా ఇక్కడా ఒకటే పాట, ఒకళ్ళది ముందు, ఒకళ్ళది వెనక. పెళ్ళిళ్ళు, చావులు కూడా విడిపోయాయి. నాతో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల ఒకతి ఆ వైపు వెళ్ళిపోయింది. కాలువ దగ్గర ఎదురైనా నా వంక చూసేది కాదు.

నా మాత్రలు పూర్తయ్యేసరికి నేను వోణీలు వేసుకుంటున్నాను. అప్పటికి మిషన్ పెద్దలు అయ్యగారికి బాపట్ల ఆసుపత్రిలోనే, రోగుల మధ్య పరిచర్య ఇచ్చి పంపేశారు. చివరిసారి చూపించుకోవడానికి నాన్న, నేను వెళ్ళినప్పుడు, ఇక రానక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. అయ్యగారు మాతో స్టేషన్‌కి వచ్చారు. మన పల్లెలో ఎవరెలా ఉన్నారని అడిగారు. ముందు అడిగింది విడిపోయినవాళ్ళ గురించే, ఇంటింటి పేరూ చెప్పి. బండి వస్తుండగా నా వైపు తిరిగారు.

"నా దగ్గర్నుంచే వచ్చిందేమోనమ్మా నీకు," అన్నారు. "ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నాను."

నాన్న చెప్పాడు.

"ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదండీ. పోవడం మాత్రం మీ వల్లే పోయింది."

బండి కదిలాక నాన్న కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. అయ్యగారు ప్లాట్‌ఫారం మీద కొంతదూరం ఆ చెయ్యి పట్టుకునే నడిచారు. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

నాన్న బతికినన్నాళ్ళూ కుటుంబ ప్రార్థనలో మమ్మల్ని వదిలి వెళ్ళిన ఆ ఇళ్ళవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకునేవాడు. మా ముందు కంచాల్లో అన్నం చల్లారిపోయేది. ఆ పేర్లు వరస తప్పితే మళ్ళీ మొదటికెళ్ళి చెప్పేవాడు, మేం విసుక్కునేవాళ్ళం. వాళ్ళెవరూ తిరిగి రాలేదు. అత్త పోయింది, నాన్న పోయాడు, ఆ పేర్ల మనుషుల్లో ఇప్పుడు ఒక్కరూ ఉండి ఉండరు. అయినా ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ముందు ఆ పేర్లే నోటికొస్తాయి నాకు, నాన్న చెప్పిన వరసలోనే. మధ్యలో ఆపబుద్ధి కాదు.